సాధనం లేని నవ్వు

సంతోషాన్ని ఇంక మనుషుల ఇష్టాయిష్టాలకు వదిలిపెట్టడం క్షేమం కాదని బళ్ళారి వైపు యశ్వంతనగర్‌లో ఒక గని కంపెనీ 1987 ఉగాది నాటికి గ్రహించింది. అప్పటిదాకా ఆ కాలనీలో ఎవరికి తోచినప్పుడు వాళ్ళు సంతోషపడేవారు. కూతురు పరీక్ష పాసైందని ఒకరు సంతోషపడితే, పక్కింటి పిల్ల తప్పిందని ఇంకొకరు సంతోషపడేవారు. దానికి వేళాపాళా లేదు, అజమాయిషీ లేదు. ఇనుప రాయిని లారీ లారీకీ తూకం వేసి పంపే చోట ఇలాంటి విచ్చలవిడితనం ఎంతకాలమని సాగుతుంది? అందుకని కుటుంబానంద శాఖ ఏర్పడింది. దానికి సైకిళ్ళ షెడ్డు పక్కన ఒక గది, ఒక బల్ల, ఒక ఫ్యాను, హొన్నప్ప అనే ప్యూను, గురురాజ అనే అధికారి దక్కారు. (ఫ్యాను తిరిగేది కాదు. ఈ శాఖ పని ఆనందం పంచడమే గాని అనుభవించడం కాదని పైనుంచి జవాబు వచ్చింది.)

గురురాజ బెంగళూరులో సంతోషం మీద శిక్షణ పొంది వచ్చాడు. భార్యాపిల్లలు బెంగళూరులోనే ఉండిపోయారు. మనిషి మంచివాడే. నవ్వు అవసరమైన చోట పెదవులు రెండు పక్కలకూ సమానంగా జరిపి, పని అయిపోగానే వెనక్కి తెచ్చేసేవాడు. ఆయన నేర్చుకొచ్చిన ప్రకారం సంతోషానికి సాధనాలు ఐదు: కుక్కరు, మిక్సీ, ఫ్రిజ్, సోఫా, టీవీ. ఐదూ ఉన్న ఇంటి తలుపుకు ఆకుపచ్చ రేకు కొడతారు, దాని మీద ‘సంతోషం’ అని ఉంటుంది. కొన్ని మాత్రమే ఉంటే పసుపు రేకు, ‘సంతోషం దారిలో ఉంది’. ఒక్కటీ లేకపోతే ఎర్ర రేకు, ‘సంతోషం పెండింగ్’. ఈ మాటలు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ రాశారు. కాలనీలో సగం మంది తెలుగువాళ్ళు కాబట్టి తాము సంతోషంగా ఉన్నారో లేదో హొన్నప్పను అడిగి తెలుసుకునేవారు.

సాధనాలన్నీ కంపెనీ స్టోర్సులోనే దొరికేవి. ధరను కంతులుగా, నెలనెలా కొంత, జీతంలో కోసుకునేవారు. టీవీతో మాత్రం ఒక చిన్న చిక్కు వచ్చింది. సండూరు కొండలు అడ్డం నిలబడి బొమ్మను రానిచ్చేవి కావు. తెర నిండా చీమలు పాకినట్టు చుక్కలు, బుస్సుమని ఒక చప్పుడు. ఈ సంగతి శాఖ దృష్టికి తెస్తే, బొమ్మ రావడం రాకపోవడం ఆకాశానికి సంబంధించిన విషయమనీ, డబ్బా ఇంట్లో ఉండడం మాత్రమే శాఖకు సంబంధించిన విషయమనీ తేల్చి చెప్పింది. జనం అర్థం చేసుకున్నారు. సాయంత్రమయ్యేసరికి స్నానాలు చేసి సోఫాల్లో కూర్చుని చీమలు చూసేవారు. తమ ఇంట్లో చీమలు పక్కింటి చీమల కన్నా స్పష్టంగా ఉంటాయని హొన్నూరమ్మ చెప్పుకునేది.

ఆ హొన్నూరమ్మకు గోడవతల ఇల్లు జీవరత్నమ్మది. ఆమె భర్త దేవదానం రాళ్ళు కొట్టే క్రషర్ దగ్గర మెకానిక్కు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళు క్రషర్ పక్కనుండే రేకుల షెడ్లలోనే కాపురం పెట్టారు. అక్కడ అన్నం మీద మూత తీస్తే ముందు ఎర్రదుమ్ము వడ్డన అయ్యేది, తర్వాత అన్నం. దేవదానానికి దగ్గు పట్టుకుంది అప్పుడే. ఏళ్ళ తరబడి కాచుకోగా కాచుకోగా ‘ఏ’ లైను అనే మంచి వరసలో రాతి గోడల ఇల్లు వచ్చింది. ఇంటిముందు కొళాయి, వెనక రెండు కరివేప చెట్లు, దుమ్ము రాని గాలి. దగ్గు తగ్గింది. కూతురు రూతు బళ్ళారిలో హాస్టలులో ఉండి నర్సు చదువు చదువుతోంది. ఇంతకు మించి జీవరత్నమ్మ దేవుణ్ణి కొత్తగా ఏమీ అడగలేదు.

ఏమీ అంటే ఏమీ అని కాదు. మిక్సీ అడిగింది. రోట్లో నూరి నూరి ఆమె కుడి భుజం పట్టేసేది. పొద్దున ప్రార్థనలో, ఎవరూ వినకుండా, ‘ప్రభువా, మిక్సీ అయినా ఇయ్యి, లేకపోతే దాని మీద ఆశయినా తీసెయ్యి. రెంటికీ మధ్య నన్ను కూర్చోబెట్టొద్దు’ అని గొణుక్కునేది. ప్రభువు అప్పటికి మధ్యలోనే కూర్చోబెట్టి ఉంచాడు.

గురువారం సాయంత్రాలు ఆమె ఇంట్లో ప్రార్థన కూటం జరిగేది. కాలనీలోని నాలుగైదు క్రైస్తవ కుటుంబాల ఆడవాళ్ళు చాప మీద కూర్చుని ఒక పాట పాడి, వాక్యం చదువుకుని, జ్వరాలకూ పరీక్షలకూ తాగుబోతు మొగుళ్ళకూ పేరుపేరునా ప్రార్థన చేసేవారు. తర్వాత ఉగ్గాణి. బొరుగులు నానబెట్టి, పచ్చిమిరపకాయ నూరి ఆమె చేసే ఉగ్గాణి వాసన ‘ఏ’ లైను చివరిదాకా పోయేది. హొన్నూరమ్మ క్రైస్తవురాలు కాదు. ఆమెన్ వినబడేదాకా గడప అవతల మర్యాదగా కాచుకుని, వినబడగానే గిన్నెతో లోపలికి వచ్చేది. ఇంట్లో టీవీ బుస్సుమంటూనే ఉండేది. (ఆపేస్తే ఇంట్లో సంతోషం ఆగినట్టు లెక్క కడతారేమోనని ఆమె భయం.)

అలాంటి ఒక గురువారం గురురాజ తనిఖీకి వచ్చాడు. గడప దగ్గరికి రాగానే లోపలి నుంచి పదిమంది ఆడవాళ్ళు పగలబడి నవ్వుతున్న చప్పుడు విని, హొన్నప్పా, ఇది ఆకుపచ్చ ఇల్లే కదా అని అడిగాడు. కాదు, ఎర్ర రేకు కొట్టాల్సిన ఇల్లని హొన్నప్ప చెప్పాడు. గురురాజ లోపలికొచ్చి నాలుగు మూలలూ చూశాడు. ఒక ట్రంకు పెట్టె, చాప, కుండ, గోడకు చర్చివాళ్ళు ఇచ్చిన క్యాలెండరు.

“టీవీ యాడ పెట్టినారమ్మా?”

“లేదు సార్.”

“మిక్సీ?”

“లేదు సార్. రోలుండాది.”

“రోలు మాకు లెక్కలోకి రాదు. సోఫా?”

“మీరు నిలబడినారే, ఆ చాపే సార్.”

గురురాజ చాప దిగాడు. చాలాసేపు ఆలోచించి, శాఖ పుట్టినప్పటి నుంచీ ఏ ఇంట్లోనూ అడగాల్సిన అవసరం రాని ప్రశ్న అడిగాడు.

“మరి ఎందుకు నగుతాండారు?”

కారణం హొన్నూరమ్మ చెప్పింది. పొద్దున ఆమె మిక్సీకి మూత సరిగ్గా బిగించకుండా తిప్పేసరికి చెనిక్కాయల చట్నీ ఎగిరి, పక్కనే గడ్డం గీసుకుంటున్న మొగుడి బట్టతల మీద పడిందట. ఆయన మంట మంట అంటూ కొళాయి కింద తల పెట్టి, పొద్దెక్కేదాకా డ్యూటీకి పోలేదట. అది మళ్ళీ చెప్పేసరికి ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు. గురురాజ నవ్వలేదు. ఆయన లెక్క కడుతున్నాడు. ఈ నవ్వుకు మూలం మిక్సీ. ఆ మిక్సీ హొన్నూరమ్మది. కాబట్టి జీవరత్నమ్మ ఇంట్లో వినిపించిన నవ్వు నిజానికి హొన్నూరమ్మ ఇంటి నవ్వు, పొరపాటున గోడ దాటి వచ్చింది. అంతవరకు సరే. కానీ పోయిన గురువారం కూడా ఇక్కడ నవ్వినట్టు సమాచారం ఉంది, ఆ రోజు ఎవరి చట్నీ ఎగరలేదు. సాధనం లేకుండా నవ్వడాన్ని శాఖ అనధికార సంతోషంగా పరిగణిస్తుందనీ, సాధనాలు సమకూరేదాకా కాస్త మితంగా నవ్వుకోవాలనీ ఆయన మర్యాదగానే చెప్పాడు. హొన్నప్ప తలుపుకు ఎర్ర రేకు కొట్టాడు. మేకులు కొడుతూ, ఉగ్గాణి కాస్త పొట్లం కట్టివ్వమని గుసగుసగా అడిగాడు.

అసలు నియమం తర్వాత వచ్చింది. నవంబరు ఆఖరుకు ఎర్ర రేకు మీదున్న కుటుంబాలు ‘ఏ’ లైను ఖాళీ చేసి, రేకుల షెడ్లుండే క్రషర్ లైనుకు పోవాలి. మంచి ఇళ్ళలో సంతోషం లేనివాళ్ళుంటే ఇళ్ళు వృథా అవుతాయన్నది శాఖ వాదన. (వాదనలో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. అందరూ సోఫాలు కొన్నారు.)

దేవదానం ఆ రోజు అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు.

“ఏమే, ఒక్క టీవీ తెచ్చుకుందాం. చీమలే కదా, కండ్లు మూసుకొని కూర్చుంటే పోతాది.”

“దేవుడు ఊరకే ఇచ్చిన దానికి మనం కంతులు కట్టేదేంది, రూతు నాయనా?”

“ఊరకే ఇచ్చినాడు, సరే. క్రషర్ దుమ్ము కూడా ఊరకే వస్తాది.”

అతని దగ్గు ఎలా ఉండేదో జీవరత్నమ్మకు తెలుసు. వస్తువుల మీద ఆమెకు పగ లేదు. మిక్సీ పాపమేమీ కాదని పాస్టరు ఆశీర్వాదం అయ్యగారు కూడా అన్నారు. మజ్జిగ పోస్తూ, తనకే సరిగ్గా తెలియని సంగతిని మెల్లగా కూడబలుక్కుని చెప్పింది.

“మిక్సీని మిక్సీ అని అమ్మితే ఈ పొద్దే తెచ్చుకుందును. వాండ్లు దాన్ని సంతోషమని అమ్ముతాండారు. ఆ రేకు కొట్టించుకుంటే ఇన్నేండ్లు దేవుడు నాకిచ్చిందేంది? పెండింగా?”

దేవదానం మజ్జిగన్నం తిని, కొళాయి దగ్గర చేయి కడుక్కుని, ఆ కొళాయిని కాసేపు చూస్తూ నిలబడ్డాడు.

నవంబరు వచ్చేసరికి కాలనీ మొత్తానికి ఎర్ర రేకు ఒక్కటే మిగిలింది. సోమవారం పెద్దాఫీసు నుంచి తనిఖీ వాళ్ళు వస్తున్నారు. ఆ ఒక్క రేకు గురురాజ కంట్లో నలుసై కూర్చుంది. శనివారం మధ్యాహ్నం ఆయనే స్వయంగా వచ్చాడు. వెనక హొన్నప్ప నెత్తిన కొత్త టీవీ పెట్టె. కంతులు వద్దు, సంతకం వద్దు, శాఖ తరఫున ఇది కానుక అన్నాడు. ఇల్లు నిలబడుతుంది, అందరికీ మర్యాదగా ఉంటుంది అన్నాడు. చూడటానికి ఇరుగుపొరుగు చేరారు.

జీవరత్నమ్మ పెట్టెను చూసింది, భర్త ముఖం చూసింది.

“ఇది మాదేనా సార్?”

“మీదే.”

“మా ఇష్టమొచ్చినట్ల వాడుకోవచ్చునా?”

“ఎట్లైనా వాడుకోండమ్మా. మీదైతే చాలు.”

బెంగళూరు శిక్షణలో ఎన్నో నేర్పారు గాని, క్రైస్తవుల ఇంటికి కొత్త వస్తువు ఇచ్చేముందు మర్నాడు ఏ ఆదివారమో చూసుకోవాలని నేర్పలేదు. ఆ మర్నాడు కోత పండుగ.

గని ఊళ్ళో కోతలేమిటని అడగకూడదు. ఎవరికి ఏది వస్తే అదే వాళ్ళ కోత. ఆవు ఈనితే మొదటి పాలు, తీగ కాస్తే మొదటి కాయ, కోడి పెడితే మొదటి గుడ్డు, కొడుక్కి పనొస్తే మొదటి జీతం, ఇవన్నీ ప్రభువువి. కోత పండుగ నాడు వాటిని తెచ్చి ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లో వేలం వేస్తారు. పాడుకున్నవాడు తనకు వద్దనుకుంటే తిరిగి ఇచ్చేయొచ్చు, అప్పుడు అదే సొరకాయను మళ్ళీ వేలం వేస్తారు. ఒక ముదురు సొరకాయ ఇలా నాలుగు చేతులు మారి చర్చి కిటికీకి అద్దాలు వేయించిన చరిత్ర ఉంది. జీవరత్నమ్మ ఇంటికి జన్మలో వచ్చిన మొదటి టీవీ అది. ఆమెకు ఇందులో ఆలోచించాల్సింది ఏమీ కనబడలేదు.

ఆదివారం పొద్దున దేవదానం తోపుడుబండి అడిగి తెచ్చాడు. సోమవారం ఏం చూపిస్తావే అని మాత్రం అడిగాడు. సోమవారం సంగతి సోమవారానికుండాది, ముందు బండిని చర్చి ఎత్తు ఎక్కించు అంది ఆమె. ఎత్తు మీద అతనికి ఒక దగ్గు వచ్చింది. ఆమె వెనక నుంచి బండికి భుజం పెట్టింది, పట్టేసిన ఆ కుడి భుజమే.

చర్చి వాకిట్లో గుమ్మడికాయల పక్కన, జొన్న కంకుల ముందు టీవీని పెట్టారు. వేలానికి వచ్చిన ఒక పుంజును కట్టడానికి వేరే చోటు దొరక్క దాని కాలి తాడును టీవీ కాలికి కట్టారు. పుంజు ఎగిరి పైన కూర్చుంది. ఆ ఊరి టీవీల్లో మొట్టమొదట స్పష్టంగా కనబడిన బొమ్మ అదే.

వార్త అందేసరికి గురురాజ స్నానం చేస్తున్నాడు. తల తుడుచుకోకుండానే స్కూటరు మీద వచ్చాడు, వెనక హొన్నప్ప. అప్పటికే వేలం నడుస్తోంది. ఏటా ఆ కోళ్ళ కోసమే వచ్చే హోటలు గాదిలింగప్ప టీవీని హోటల్లో పెట్టుకుందామని పాడుతున్నాడు. గురురాజ ఇది శాఖ వస్తువని అడ్డుపడబోతే, నిన్న మీదేనని చెప్పింది మేమందరం విన్నాం సార్ అని వాకిలి నాలుగు పక్కల నుంచీ సాక్షులు లేచారు. ఇంక మిగిలిన దారి ఒక్కటే. ఆయన పాడాడు. గాదిలింగప్ప పాడాడు. ఆయన ఇంకా పాడాడు. ఒకటోసారి, రెండోసారి అంటూ ఆశీర్వాదం అయ్యగారు చేయి ఎత్తి దించారు. టీవీ గురురాజది అయింది. జనం చప్పట్లు కొట్టారు. తనకు అంత మంది చప్పట్లు కొట్టడం ఆయన ఉద్యోగంలో అదే మొదలు.

“దీన్ని తీసుకపోయి జీవరత్నమ్మ ఇంట్లో పెట్టండి. ఇది ఆమెకే,” అన్నాడు ఊపిరి పీల్చుకుంటూ.

అయ్యగారు ఆ సంగతి అందరికీ వినబడేలా చెప్పి, ఇంత ధారాళమైన చేయి ఈ వాకిట్లో చూడలేదన్నారు. జీవరత్నమ్మ చెంగు సర్దుకుని లేచింది.

“మల్లా కొత్తగా ఇచ్చినట్లే కదా అయ్యగారూ. ఇది కూడా ప్రభువుదే.”

వేలం మళ్ళీ మొదలైంది. గురురాజ జేబులు తడుముకున్నాడు. హొన్నప్ప దగ్గరున్నది తీసుకున్నాడు. అదీ చాలక చేతి గడియారం విప్పి గుమ్మడికాయ పక్కన పెట్టాడు. టీవీ రెండోసారి ఆయనదయింది. ఈసారి ఎవరికీ ఇస్తున్నానని అనకుండా నోరు గట్టిగా మూసుకుని పెట్టెను ఎత్తబోయాడు. కానీ పాడుకున్న వస్తువును ఇంటికి తీసుకుపోయేవాళ్ళు ఆ వాకిట్లో ఒక సాక్ష్యం చెప్పి పోవాలి. దేనికి సంతోషిస్తున్నారో ఒక్క మాట. పెద్ద ప్రసంగం అక్కర్లేదు. మా గేదె బతికింది అని చెప్పి కూర్చున్నవాళ్ళున్నారు.

గురురాజ గొంతు సవరించుకున్నాడు. ఈ ప్రాంతంలో సంతోషం మీద శిక్షణ పొందినవాడు తనొక్కడే. మానవ సంతోషానికి సాధనాలు ఐదు అని మొదలుపెట్టాడు. కుక్కరు దాటి మిక్సీ దగ్గరికి వచ్చేసరికి, ఉచిత భోజనానికి ముందే వచ్చి కూర్చున్న హొన్నూరమ్మ ఏ దురుద్దేశమూ లేకుండా అడిగింది.

“మీ ఇంట్లో ఐదూ ఉండాయా సార్?”

“ఉండాయి.”

“మిక్సీలో ఏం చేసుకుంటారు?”

“నేను మెస్సులో తింటానమ్మా. దాన్నింకా పెట్టెలోంచి తియ్యలేదు.”

తర్వాత ఏం చెప్పాలో ఆయనకు గుర్తు రాలేదు. దేవుడు సాధారణంగా ఇలాంటప్పుడు కలగజేసుకోడు, కాని పుంజు కలగజేసుకుంది. టీవీ మీద నిలబడి, రెక్కలు తపతప కొట్టి, గురురాజ చెవి పక్కన ఒక్క కూత కూసింది. ఆయన ఎగిరి గుమ్మడికాయల మీద కూర్చున్నాడు. జనం నవ్వారు. దేవదానం దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కాసేపటికి గుమ్మడికాయల మీంచి కూడా ఒక చప్పుడు వచ్చింది. పెదవులు రెండు పక్కలకూ సమానంగా జరగలేదు. ఒక పక్కకు వంకరపోయి, భుజాలు ఊగి, కళ్ళలో నీళ్ళు వచ్చాయి. హొన్నప్ప భయపడి, సుమ్నే, ఊరకే కూర్చోండి సార్, నీళ్ళు తెస్తా అన్నాడు. ఆయన నీళ్ళు తాగి మళ్ళీ నవ్వాడు. ప్రేమవిందు భోజనంలో గుమ్మడికాయ కూర రెండుసార్లు వేయించుకున్నాడు.

సోమవారం తనిఖీ వాళ్ళు వచ్చారు. గురురాజ అప్పటికే టీవీని కంపెనీ స్టోర్సుకు తిరిగి ఇచ్చేశాడు. జీవరత్నమ్మ ఇంట్లో ట్రంకు పెట్టె, చాప, కుండ మాత్రమే కనబడ్డాయి. వివరణ ఇమ్మంటే గురురాజ నిలబడి ఒక్క వాక్యం చెప్పాడు. ఈ కుటుంబాన్ని సంతోషపెట్టడానికి శాఖ చేసిన ప్రయత్నాలన్నీ విఫలమయ్యాయి, వాళ్ళు అంతకుముందే సంతోషంగా ఉండడం ఇందుకు కారణం. పెద్దాఫీసు వాళ్ళు ఈ వాక్యాన్ని రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆ వారంలోనే గురురాజను శాఖ నుంచి తీసేసి, క్రషర్ దగ్గర లారీలు చూసే పనిలో వేశారు. జీవరత్నమ్మ కుటుంబం క్రషర్ లైనుకు మారింది.

అక్కడ దుమ్ము ఏమీ తగ్గలేదు. ఆమె పాత చీర తడిపి గుమ్మానికి వేలాడదీసేది. పొద్దున తెల్లగా ఉన్న చీర సాయంత్రానికి ఎర్రబడేది. దేవదానానికి దగ్గు మళ్ళీ మొదలైంది. ప్రార్థన మధ్యలో దగ్గు వస్తే ఆమె అక్కడ ఆగి, అది తగ్గాక మళ్ళీ అందుకునేది. ఒకసారి ఆగినప్పుడు, నువ్వు చెప్పిందే నిజమైంది రూతు నాయనా, దుమ్ము ఊరకే వచ్చింది అంది. ఊరకే వచ్చినవన్నీ లెక్కబెట్టు, ఇదొక్కటే ఎందుకు అన్నాడు అతను.

ఒక గురువారం గురురాజ ఒక అట్టపెట్టె పట్టుకుని తడి చీర పక్కకు తొలగించి లోపలికి వచ్చాడు. అది ఆయన విప్పని మిక్సీ. జీవరత్నమ్మ ఉలిక్కిపడి పైకి, ఆకాశం వైపు ఒక చూపు చూసింది.

“మిక్సీగా ఇస్తాండారా సార్, సంతోషంగా ఇస్తాండారా?”

“మిక్సీగానేనమ్మా.”

ఆమె తీసుకుంది. అందులో తిప్పిన మొదటి చట్నీ మొత్తం కూటానికి పెట్టింది. మూత దేవదానం పట్టుకున్నాడు.

‘ఏ’ లైనువాళ్ళు కూడా ఒకరొకరే రావడం మొదలుపెట్టారు. ఇళ్ళలో టీవీలు బుస్సుమంటూనే ఉండేవి, మనుషులు మాత్రం గురువారం సాయంత్రానికి ముక్కులకు గుడ్డలు కట్టుకుని క్రషర్ వైపు నడిచేవారు. కొత్తగా వచ్చిన కుటుంబానందాధికారి ఇది గమనించాడు. ఐదు సాధనాలూ ఉన్నవాళ్ళు, ఒక్క మిక్సీ తప్ప ఏదీ లేని చోటికి పోయి నవ్వుతున్నారంటే, ‘ఏ’ లైనులో లేనిదీ క్రషర్ లైనులో ఉన్నదీ ఏదో ఒకటి ఉండాలి. ఆయన స్వయంగా వెళ్ళి పరిశీలించాడు. చాప ‘ఏ’ లైనులోనూ ఉంది. ఉగ్గాణి ‘ఏ’ లైనులోనూ ఉంది. ఎంత వెతికినా తేడా ఒక్కటే కనిపించింది.

మరుసటి నెల నుంచి క్రషర్ దుమ్మును ఆరో సాధనంగా ప్రకటించారు. ఇంటికొక బస్తా, కంతులు జీతంలో కోసుకుంటారు. మొదటిరోజు క్యూ సైకిళ్ళ షెడ్డు దాటి పోయింది, వెనకున్నవాళ్ళు తమ వంతు వచ్చేసరికి దుమ్ము అయిపోతుందేమోనని కంగారు పడ్డారు.